పటిక చేతులు

నాగూరు రాసిన గుడ్డని ఎవరో పాడుచేస్తున్నారు. ఎవరో ఏమిటి, యాకూబే. ఆ సంగతి నాగూరుకి ఖాయంగా తెలుసు. తెలియనిదల్లా వాణ్ణి పట్టుకోవడం ఎలాగన్నదే.

బందరు రేవుకి పరాయి ఓడలు వచ్చే రోజులవి. ఊరికి దూరంగా, కాలవ ఒడ్డున, లతీఫ్ బాబా అనే సూఫీ గురువు శిష్యులతో ఉండేవాడు. వాళ్ళంతా అద్దకం పనివాళ్ళు. కలం పట్టి గుడ్డల మీద పూలూ తీగలూ రాసేవారు. అదే వాళ్ళకి కూడు, అదే సాధన. నమాజులో తొందరపడినా, కలం తొందరపడినా బాబా ఒకేలా కసిరేవాడు.

ఆ ఏడు ఉరుసుకి పెద్ద పీరు సమాధి మీద కప్పే చాదరు రాసే పని బాబా నాగూరుకి అప్పగించాడు. తెల్లని నేల మీద ఎర్రపూల చెట్టు. ఒకటే గుడ్డ మీద రాయడానికి అలవి కాదు గనక ముక్కలుగా రాసి, చివర కలిపి కుట్టాలి. నాగూరు నేల మీద నడవడం మానేశాడు, అంత సంబరం.

పని చెప్పిన రోజునే యాకూబు వచ్చి అడిగాడు, "అంచు నేను రాయనా, భాయి?"

"అక్కర్లేదు" అన్నాడు నాగూరు.

యాకూబు ఏదో ఓడ దిగి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు. మాటలు తక్కువ, పని ఎక్కువ. సరేనని తల ఊపి వెళ్ళిపోయాడు. నాగూరు మాత్రం ఆ తల ఊపడాన్ని మర్చిపోలేదు.

ఈ పనిలో ఒక తమాషా ఉంది. ఎరుపు రాసేటప్పుడు ఎరుపు కనబడదు. కరక్కాయ రసం, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద, ఎక్కడెక్కడ ఎరుపు కావాలో అక్కడ పటిక నీళ్ళతో రాస్తారు. కలానికి ఉండలా చుట్టిన గుడ్డని వేళ్ళతో నొక్కుతూ ఉంటే పటిక నీళ్ళు బొట్టుబొట్టుగా మొనలోకి దిగుతాయి. ఆరిపోయాక చూస్తే అక్కడేమీ ఉన్నట్టుండదు. ఆ గుడ్డని మడిచి కొన్నాళ్ళు కొట్టంలో ఉంచి, కాలవలో జాడించి, ఎరుపునిచ్చే చిరివేరు వేసిన బానలో ఉడికిస్తారు. అప్పుడు పటిక తగిలినంత మేరా ఎర్రగా తేలుతుంది. ఇక దాన్ని ఎవరూ చెరపలేరు.

మొదటి ముక్క ఉడికించి తీసినప్పుడు చెట్టు నిండా పూలు విచ్చుకున్నాయి. చూసినవాళ్ళంతా "వాహ్" అన్నారు. అయితే ఓ మూల, తెల్లగా ఉండాల్సిన చోట, చింతగింజంత ఎర్ర మరక ఉంది.

"రంగుల కొట్టంలో చుక్క పడకుండా ఉంటుందా? కుట్టులో పోతుందిలే" అన్నాడు బాబా.

నాగూరు మనసు కుదుటపడలేదు. చుక్క దానంతటదే పడిందా, ఎవరైనా వేశారా?

అప్పట్నించీ అతని పనే మారిపోయింది. రెండో ముక్క కొట్టంలో మడిచి పెట్టి, మూడో ముక్క రాయడానికి కూర్చునేవాడు. కూర్చున్నాడే గాని కళ్ళు యాకూబు మీదే. యాకూబు కాలవకి వెళ్తే, ఎందుకు వెళ్ళాడు? కదలకుండా కూర్చుంటే, ఏం ఎత్తు వేస్తున్నాడు? పలకరిస్తే, ఏమిటీ తేనె మాటలు? పలకరించకపోతే, చూశావా, మొహం చాటేస్తున్నాడు. పాపం, ఆ మనిషి ఎలా ఉన్నా దొంగలాగే ఉన్నాడు.

యాకూబు కొట్టం వైపు తిరిగితే చాలు, నాగూరు కలం పడేసి పరిగెత్తేవాడు. మడత విప్పి, గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అంగుళం అంగుళం వెతికేవాడు. ఏమీ కనబడేది కాదు. హమ్మయ్య అనుకుని మళ్ళీ మడిచి పెట్టి వచ్చేవాడు. మళ్ళీ యాకూబు దగ్గితే మళ్ళీ పరుగు.

రెండో ముక్క ఉడికింది. చింతగింజ లాంటి మరకలు ఒకటి కాదు, అంచు పొడుగునా ఉన్నాయి.

ఆ రోజు భోజనాల దగ్గర నాగూరు అందరికీ వినబడేలా అన్నాడు, "ఈ కొట్టంలో ఒకరి చెయ్యి మంచిది కాదు."

అందరూ తలలెత్తి, నాగూరు చూపు వెంబడి యాకూబు వైపు చూశారు. యాకూబు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని కంచంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం చూశారా!" అన్నాడు నాగూరు.

అంతమంది కళ్ళు తన చేతి మీదే ఉంటే అన్నం ఎవడికి దిగుతుందో నాకు తెలియదు. నాగూరుకి మాత్రం కడుపు నిండింది.

కాపలా ఇంకా పెంచాడు. మూడో ముక్క కొట్టంలో ఉన్నన్నాళ్ళూ కలం ఎన్నిసార్లు పడేశాడో అతనికే తెలియదు.

మూడో ముక్క ఉడికించి ఆరేసినప్పుడు ఇక దాపరికం లేదు. మరకలు కావు, వేళ్ళు. ఈ వైపు నాలుగు, ఆ వైపు బొటనవేలు. పూల మధ్య, కొమ్మల కింద, తెల్లని నేల అంతటా ఎర్రని వేళ్ళు. పెద్ద పీరు మీద కప్పవలసిన చాదరు!

నాగూరుకి ఏడుపొచ్చింది. దిగమింగుకుని ఆఖరి ముక్క ముందు కూర్చున్నాడు. పటిక నీళ్ళలో కలం ముంచి, ఉండని గట్టిగా నొక్కుతూ రాస్తున్నాడు. అంతలో యాకూబు కొట్టం గుమ్మం దగ్గర ఆగడం కనబడింది. ఇక పట్టలేకపోయాడు. కలం విసిరేసి నేరుగా బాబా దగ్గరికి పోయాడు.

బాబా దండెం మీద నించి పాలు పట్టించిన కొత్త గుడ్డని తీస్తున్నాడు. దాని మీద ఇంకా ఏ గీతా లేదు.

"బాబా, యాకూబుని పంపించెయ్యండి."

బాబా అతని మొహం చూశాడు, తర్వాత చేతులు చూశాడు.

"ఆ కొస పట్టుకో, మడత పెడదాం" అన్నాడు.

నాగూరు ఆ కొస పట్టుకున్నాడు. మడతకీ మడతకీ మధ్య మనసులో ఉన్నదంతా కక్కేశాడు.

"నాకు చాదరు ఇచ్చారని వాడికి కుళ్ళు, బాబా."

"ఊఁ. గట్టిగా లాగి పట్టు."

"వేళ్ళు స్పష్టంగా పడ్డాయి. ఇంకేం రుజువు కావాలి?"

"ఊఁ. ఇంకో మడత."

"వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చండి!"

బాబా మడిచిన గుడ్డని అందుకుని చంకలో పెట్టుకున్నాడు. "ఇది ఉడికాక తేలుద్దాం" అన్నాడు.

"అందులో ఏముంది బాబా? వట్టి గుడ్డ."

"వట్టి గుడ్డే" అన్నాడు బాబా.

పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకున్నాడు నాగూరు. ఒక ఘడియలో ఇంకో ఆలోచన కూడా వచ్చింది. బాబా వాణ్ణి వెనకేసుకొస్తున్నాడా? వాళ్ళిద్దరూ ఒకటా? అనుమానం ఒకసారి కాలు పెట్టిందంటే ఇల్లంతా దానిదే కదా.

బాన ఎక్కించే రోజు వచ్చింది. తెల్లారి నమాజుకి వరసలో యాకూబు లేడు. చూస్తే అతని చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. కలం శుభ్రంగా కడిగి దాని పక్కన పెట్టి ఉంది. ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

"చూశారా! తప్పు చేసినవాడు కాబట్టే నిలవలేకపోయాడు" అన్నాడు నాగూరు. గొంతులో ఆనందం దాగలేదు.

బాబా ఆ కలాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆయన కళ్ళు తడిశాయి. తర్వాత, "పొయ్యి వెలిగించు" అన్నాడు.

చిరివేరు నీళ్ళు కుతకుతలాడాయి. కాలవలో జాడించి తెచ్చిన ఆ వట్టి గుడ్డ ఒక్కటే బానలోకి వెళ్ళింది. బాబా తనే కర్రతో తిప్పాడు, తనే పైకి తీశాడు, తనే కాలవలో మళ్ళీ జాడించాడు. ఒక కొస తను పట్టుకుని రెండోది నాగూరుకి అందించాడు. ఇద్దరూ చాచి పట్టుకున్నారు.

గుడ్డంతా తెల్లగా, బోసిగా ఉంది. బాబా పట్టుకున్న కొసన ఏమీ లేదు.

నాగూరు పట్టుకున్న కొసన ఈ వైపు నాలుగు వేళ్ళు, ఆ వైపు బొటనవేలు. పక్కన మళ్ళీ నాలుగు వేళ్ళు. మడత మడతకీ, నెత్తురులా ఎర్రగా.

అతని వేళ్ళు సరిగ్గా వాటి మీదే ఉన్నాయి. కొంచెం జరిపి చూసుకున్నాడు. మళ్ళీ వాటి మీదే పెట్టి చూసుకున్నాడు. దండెం మీద వేలాడుతున్న చాదరు ముక్క వైపు చూశాడు. అక్కడి వేళ్ళూ ఇవే.

సిగ్గుతో అతని ఒళ్ళు చచ్చిపోయింది. గుడ్డ చేతిలోంచి జారి బురదలో పడింది. కాస్త దూరంలో కాలవ గట్టు మీద దారి రెండుగా చీలి ఒకటి రేవుకి, ఒకటి పైఊళ్ళకి పోతోంది.

నాగూరు గట్టు దాకా పరిగెత్తాడు. అటూ ఇటూ చూసి ఆగిపోయాడు.

"బాబా!" అని అరిచాడు. "యాకూబు ఏ దారిన వెళ్ళాడు?"

బాబా వంగి బురదలోంచి గుడ్డ తీస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు.

"నన్నడుగుతావేంరా? ఇన్నాళ్ళూ వాడి అడుగడుగూ చూసింది నువ్వు కదా."