ఎడమ పక్క ఎండ

అనగనగా ఒక ఊళ్ళో, రాకెట్లు ఎగిరే ఊళ్ళో కాదులే, ఎగరబోయే వాటికి బట్టలు కుట్టే ఊళ్ళో, వరహాలమ్మ అని ఒకావిడ ఉండేది. నవ్వకు. ఆకాశంలోకి వెళ్ళేవాటికి బట్టలుండవనుకున్నావా? అక్కడి చలికి ఇనుము కూడా బిగుసుకుపోతుంది.

ఆ వరహాలమ్మకి పెళ్ళి కాలేదు. జాతకంలో కుజదోషం ఉందన్నారు. మూడు సంబంధాలొచ్చాయి, మూడూ గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఆకాశంలో తన దారిన తాను తిరిగే ఆ ఎర్ర కుజుడికి మన ఆడపిల్లల పెళ్ళిళ్ళతో ఏం పనో, నాకైతే ఇప్పటికీ తెలీదు.

అప్పుడామె కుట్టుమిషను నేర్చుకుంది. మొదట జాకెట్లు కుట్టింది. ఆ తర్వాత స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టింది. ఆ తర్వాత చెయ్యి మంచిదని ఊరి బయట పెద్ద షెడ్డులో ఉద్యోగం ఇచ్చారు. అక్కడ కుట్టేది గుడ్డ కాదు, ఉల్లిపొర కంటే పలచనైన వెండి పొరలు. ఇరవై పొరలు ఒకదానిమీద ఒకటి పరిచి బొంత కుట్టాలి. పొరకి పొర తగిలీ తగలనట్టుండాలి. ఒత్తుకుంటే వెచ్చదనం జారిపోతుంది.

ఒకరోజు ఇందుమతి మేడమ్ అని అక్కడి పెద్ద ఇంజనీరు వచ్చింది. కుజుడి మీదికి ఆరు చక్రాల బండిని పంపుతున్నామని, దానికి బొంత నువ్వే కుట్టాలని చెప్పింది. ఆ బండిని తోలడానికి మనిషి ఉండడు. ఇక్కణ్ణించి కబురు పెడితే అక్కడ అదే నడుస్తుంది, రాళ్ళు చూస్తుంది, ఫొటోలు తీసి పంపుతుంది. నాకు పెళ్ళి కాకుండా చేసినవాడింటికి నా చేత్తోనే బట్టలు కుట్టి పంపాలా అనుకుంది వరహాలమ్మ. అనుకుని తనలో తనే నవ్వుకుంది.

బండిని చూడగానే ఆ నవ్వు పోయింది. ఆవుదూడంత ఉంది. పొడుగు మెడ, దాని చివర రెండు కళ్ళు. ఇంకా ఏ బట్టా లేక, తీగలన్నీ బయటికి కనపడుతూ నిలబడి ఉంది. అయ్యో గుంటడా, అనుకుందట. మా వైపు మగపిల్లాణ్ణి గుంటడనే అంటారు. ఆ రోజు నుంచి ఆమెకది బండి కాదు.

మూడు నెలలు బొంత కుట్టింది. తెల్ల కోటు, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకుని, వెంట్రుక కూడా రాలకుండా కుట్టింది. అంతా అయ్యాక, ఎడమ పక్క ముక్క మూసే ముందు, ఆమెకో సంగతి గుర్తొచ్చింది. పురిటి బిడ్డకి కొత్త గుడ్డ వెయ్యం కదా మనం. గుచ్చుకుంటుందని, దిష్టి తగులుతుందని, ముందు పాత గుడ్డలోనే చుడతాం. మరి వీడికో? ఒంటి నిండా కొత్తవే.

వాళ్ళింట్లో వాళ్ళమ్మ చీర ఒకటుండేది. గోరింట రంగు నూలు చీర, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లలందరినీ మొదట అందులోనే చుట్టారు. వరహాలమ్మ ఆ చీర మూల జానెడు ముక్క కత్తిరించింది. జాకెట్లో దాచుకుని లోపలికి తీసుకెళ్ళింది. పొరల మధ్య పెట్టి కుట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. తప్పు చేస్తున్నానని ఆమెకి తెలుసు. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయిందట.

ఆ తర్వాత బండి బయల్దేరే రోజు వచ్చింది. కొత్త బండి కదా, చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని ఒక కుర్రాడంటే, మేడమ్ కళ్ళెర్రజేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. వరహాలమ్మ ఒక్కతే మెల్లగా, "వెళ్ళిరా నాయనా" అంది. అది మళ్ళీ రాదమ్మా అని పక్కనున్నాయన చెప్పాడు.

"తెలుసు బాబూ. అలాగని పొమ్మని ఎవరంటారు?" అంది వరహాలమ్మ.

ఏడు నెలలు ప్రయాణం చేసి బండి కుజుడి మీద దిగింది. అప్పటి నుంచి షెడ్డు క్యాంటీన్లో టీవీ పెట్టి అది పంపిన ఫొటోలు చూపించేవాళ్ళు. మొదట బల్లపరుపు నేల. ఎటు చూసినా కారప్పొడి ఆరబోసినట్టు ఎరుపు, చెట్టూ లేదు, చేమా లేదు. ఆ తర్వాత ఒక రాళ్ళగుట్ట. దాన్నెక్కడానికి వాడికి నలభై రోజులు పట్టింది. రోజుకి పది అడుగులు, మధ్యలో ఒక చక్రం ఇరుక్కుంటే వెనక్కొచ్చి మళ్ళీ పది అడుగులు. ఆ తర్వాత, గుట్ట దిగితే, ఒక ఎండిపోయిన ఏరు. ఎన్ని యుగాల కిందటో నీళ్ళు పారిన చోటట. గులకరాళ్ళు మన నాగావళి రాళ్ళలాగే గుండ్రంగా ఉన్నాయి. నీళ్ళు లేని ఏట్లో గుంటడు ఒక్కడే నడుచుకుంటూ పోతుంటే, వరహాలమ్మ అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది.

అక్కడ చలికాలం మనకి ఏడాదికోసారి వచ్చినట్టు రాదు, రెండేళ్ళకోసారి వస్తుంది, వచ్చిందంటే నెలల తరబడి పోదు. మొదటి చలికాలం వాడు గడిపేశాడు. రెండోదీ గడిపేశాడు. మూడోది వచ్చేసరికి ఒళ్ళు చల్లబడటం మొదలైంది. వెచ్చదనం ఎక్కణ్ణించి పోతోందో ఎవరికీ అంతుపట్టలేదు.

అప్పుడు మేడమ్ బొంత కుట్టినవాళ్ళని పిలిచి, కుట్టులో ఎక్కడైనా తేడా జరిగిందా అని అడిగింది. వరహాలమ్మకి ఆ జానెడు చీర ముక్క గుర్తొచ్చింది. నూలు గుడ్డ ఉన్నచోట పొరలు ఒత్తుకుని ఉంటాయని ఆమెకి తెలియకేం? కానీ చెప్తే ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే, నా చేత్తో నేనే వాణ్ణి చంపుకున్నానా అని భయం. ఏమీ లేదండీ అంది.

వారం తర్వాత మేడమ్ రెండోసారి అడిగింది. బండి ఇంకా చల్లబడింది. వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది.

ఇంకో వారానికి మూడోసారి అడిగింది. ఈసారి మేడమ్ కళ్ళు నిద్రలేక ఎర్రగా ఉన్నాయి. వరహాలమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఎడమ పక్కనమ్మా. జానెడు గుడ్డ. మా అమ్మ చీర" అంది.

మేడమ్ తిట్టలేదు. పరుగున వెళ్ళి కబురు పెట్టించింది. ఏటి గట్టు వాలు మీదికి ఎక్కి, ఎడమ పక్క ఎండకి తిరిగి నిలబడమని. ఆ కబురు కుజుడిదాకా చేరడానికే పావుగంట పడుతుంది. జవాబు రావడానికి ఇంకో పావుగంట. ఆ అరగంటా వరహాలమ్మ తలుపు బయట నేలమీద కూర్చుంది.

వాడు విన్నాడు. గట్టు ఎక్కాడు. తిరగడం మొదలుపెట్టాడు. సగం తిరిగేసరికి ఒంట్లో సత్తువ అయిపోయింది. ఆఖరిగా ఒక ఫొటో పంపాడు. ఏటి ఇసుకలో వాడు వచ్చిన చక్రాల జాడ, అంతే. ఆ తర్వాత మూడు నెలలు రోజూ పిలిచారు. పలకలేదు.

ఆ గుడ్డవల్లే పోయాడని చెప్పలేమంది మేడమ్. ముసలి బండి, దుమ్ము పట్టింది, చలి కూడా ఈసారి మరీ ఎక్కువ. కానీ మొదటిసారి అడిగినప్పుడే చెప్పుంటే, వాడికి సత్తువ ఉండగానే తిప్పేవాళ్ళం అంది. అబద్ధం చెప్పి ఓదార్చే మనిషి కాదావిడ. వరహాలమ్మ ఆ రోజే ఉద్యోగం మానేసింది. గేటు దాకా వచ్చి మేడమ్ ఒక్కటే మాట అడిగింది. "ఆ చీర ఏ రంగు వరహాలమ్మా?"

"గోరింట రంగమ్మా."

మేడమ్ తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

వరహాలమ్మ మిగిలిన చీర సంచిలో పెట్టుకుని, చెల్లెలి ఇంటికి వచ్చేసింది. గుడ్డ పెట్టిన పనికి ఆమె ఎప్పుడూ ఏడవలేదు. ముద్దుకొద్దీ చేశాననేది. చెప్పని రెండు వారాలకి మాత్రం ఏడ్చేది, ఏ కూర తరుగుతూనో, ఏ బట్టలు మడతపెడుతూనో. తర్వాత ఏడాది ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. పిల్లని మొదట ఆ చీరలోనే చుట్టారు. పదకొండో రోజు వెళ్ళాక, ఆ చీరకి అస్తరు వేసి, పిల్లకి తనే బొంత కుట్టింది. కత్తిరించిన మూల మాత్రం అలాగే వదిలేసింది. అతుకు వెయ్యమని చెల్లెలెంత చెప్పినా వినలేదు.

ఏంటి, అలా తడుముకుంటున్నావ్? అవును, ఆ మూలే. ఇన్నాళ్ళూ ఎలుక కొట్టిందనుకున్నావు కదూ.

అవునే తల్లీ, మీ పెద్దమ్మమ్మే. మా అక్కే. చలికాలం పొద్దున్నే నిన్ను వాకిట్లో కూర్చోబెట్టి, "ఎడమ పక్క ఎండ తగిలిందా?" అని అడిగేది గుర్తుందా? నువ్వు విసుక్కునేదానివి. నేనూ విసుక్కునేదాన్ని. పోయిన మాఘమాసంలో మంచం పట్టాక కూడా, మాట సరిగ్గా రాని రోజున, నన్ను దగ్గరికి పిలిచి అదే అడిగింది. నీ గురించి అనుకుని, తగిలిందే అక్కా అన్నాను. అప్పుడు కళ్ళు మూసుకుంది. ఎవరి గురించి అడిగిందో ఆ తర్వాత గానీ నాకు తట్టలేదు.

ఇలా ఇటు తిరిగి పడుకో. బొంత సరిగ్గా కప్పుకో, ఆ మూల నా వైపు ఉండనీ. ముగింపు మాట మీ పెద్దమ్మమ్మ చెప్పేటట్టే చెప్తాను, విను.

కథేమో కంచికి,
మనమేమో ఇంటికి,
కుజుడింటి గుంటడికి
కాస్త ఎండ, ఎడమ పక్కకి.