గొంతు తీసేసిన కారు

మహానందికి వచ్చిన కష్టం ఒక్కటే. కారు బ్రహ్మాండంగా తయారైంది, కానీ అరవడం లేదు.

నంద్యాలలో హుసేన్ సాబ్ మెకానిక్ షెడ్డులో పని నేర్చినవాడు మహానంది. తన పాత రెండు సీట్ల పెట్రోలు స్పోర్ట్స్ కారుని ఇంటి పక్క రేకుల కొట్టంలో పెట్టుకుని కరెంటు కారుగా మార్చాడు. ఇంజను దింపి మోటారు బిగించాడు. పెట్రోలు ట్యాంకు తీసి బ్యాటరీలు పేర్చాడు. వాటిని వాన జల్లు కూడా తాకకుండా చూసుకున్నాడు. నా పెళ్ళి చీరలకి కూడా ఇంత కాపలా లేదని భార్య వసుంధర వచ్చినవాళ్ళకల్లా చెప్పేది.

అంతా బాగుంది. కానీ స్పోర్ట్స్ కారన్నాక వీధి మలుపు తిరగకముందే జనం తలలు తిప్పాలి కదా. ఇదేమో పిల్లిలా వచ్చి పక్కన నిలబడుతోంది. మహానంది ఆలోచించి బానెట్ కింద ఒక స్పీకరు పెట్టాడు. ఇంజను దింపేముందు దాని మోత ఫోనులో పట్టి ఉంచుకున్నాడు లెండి. ఇప్పుడు పెడలు తొక్కితే చాలు, లేని ఇంజను గర్జిస్తుంది.

హుసేన్ సాబ్ షెడ్డులో ఒక పద్ధతుంది. శిష్యుడు సొంతంగా తయారుచేసిన బండిలో ఆయన కళ్ళు మూసుకుని కూర్చుని ఒక చుట్టు తిరుగుతాడు. నచ్చితే బానెట్ లోపలివైపు గ్రీజు చేత్తో ముద్ర వేస్తాడు. ముద్ర పడితే వాడూ ఆయనలాగే ఉస్తాద్. పడకపోతే మళ్ళీ స్పానర్లు అందించడమే. మహానందితో కలిసి పనిలో చేరినవాళ్ళంతా ముద్ర వేయించుకుని సొంత షెడ్లు పెట్టుకున్నారు. ఇక ఇతనే మిగిలాడు.

ఆదివారం పొద్దున ఉస్తాద్ వచ్చాడు. మహానంది బానెట్ ఎత్తి అన్నీ చూపించాడు. మోటారుకి పౌడరు రాసినంత శుభ్రం.

"దీంట్లో గ్రీజు పనే లేదు ఉస్తాద్. మీరు ముద్ర వేయాలంటే గ్రీజు బయటినుంచి తెచ్చుకోవాల్సిందే," అన్నాడు నవ్వుతూ.

ఉస్తాద్ కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

కారు గర్జిస్తూ బయల్దేరింది. అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడ్డారు, కుక్కలు వెంటపడ్డాయి. మహానంది మెడ కాస్త పొడుగైంది. వీధి చివర ఉస్తాద్ చెయ్యెత్తి ఆపమన్నాడు. దిగి, బానెట్ తెరిపించి, ఆ అరిచేదాని తీగ ఎక్కడుందని అడిగాడు. చూపించగానే పీకేశాడు. తీగ ముక్క చేత్తో పట్టుకునే వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

"పద."

ఈసారి కారు చప్పుడు లేకుండా కదిలింది. కాసేపటికి ముందు ఎడమ చక్రం దగ్గర ఎవరో ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టు గుర్రుమంది. మలుపులో ఇంకా గట్టిగా గుర్రుమంది. మహానంది చెవులు వేడెక్కాయి. చక్రం బేరింగు పోయింది. ఈ కారులోనే వచ్చే వారం వసుంధరని గిద్దలూరు ఘాటు రోడ్డు దాటిస్తానని మాటిచ్చి ఉన్నాడు.

"ఇది ఎప్పటినుంచి అబ్బీ?" అన్నాడు ఉస్తాద్.

"పాతదే అయ్యుంటుంది ఉస్తాద్. ఇంజను మోతలో వినబడలేదు."

"ఇంజను తీసేస్తివి కదా."

మహానంది ఉస్తాద్ చేతిలోని తీగ ముక్క కేసి చూసి, కారు ఇంటివైపు తిప్పాడు.

ఇంటికొచ్చి చక్రం ఊడదీశాడు. బేరింగులో గ్రీజు ఎండి అట్టకట్టింది. కొత్తది తెచ్చి, అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని బేరింగు నిండా కూరాడు. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని, వసుంధర ఇచ్చిన టీ తాగుతూ, కొట్టంలో గ్రీజు వాసన వస్తే ప్రాణం లేచొచ్చిందని ఆమెతో చెప్పాడు. చక్రం బిగించాక మహానంది చేతులు కడుక్కోబోతే వద్దన్నాడు. తళతళలాడే స్టీరింగు నిండా మసి అయింది.

ఉస్తాద్ కళ్ళు మూసుకుని కూర్చోగానే కారు వీధిలోకి వచ్చింది. గుర్రు లేదు, గర్జన లేదు. వేపచెట్టు మీద చిలకల గోల వినబడింది. టీకొట్టు దగ్గర ఎవరో పక్కవాడితో, "అది మన నంది సొంతంగా చేసిన కారంట," అనడం కూడా లోపలికి స్పష్టంగా వినబడింది. మహానంది చెవులు మళ్ళీ వేడెక్కాయి. ఈ వేడి వేరు. ఉస్తాద్ కళ్ళు తెరవలేదు గానీ మీసం కదిలింది.

ఇంటి ముందు ఆపి మహానంది బానెట్ ఎత్తాడు. ఎత్తి, ముద్ర కోసం పక్కకి జరిగి చోటిచ్చాడు. హుసేన్ సాబ్ తన రెండు చేతులూ తిప్పి చూపించాడు. ఎక్కడా మరక లేదు.

మహానంది గ్రీజు డబ్బా కోసం వెనక్కి తిరిగాడు. ఆయన వాడి మణికట్టు పట్టి ఆపాడు. మసిగొట్టుకున్న ఆ చేతినే ఎత్తి, బానెట్ లోపలివైపు ఆనించి, గట్టిగా అదిమాడు.

తర్వాత జేబులోంచి తీగ ముక్క తీసి వాడికిచ్చి, చెప్పులు వేసుకున్నాడు.

"వస్తా ఉస్తాద్," అన్నాడు హుసేన్ సాబ్.