ఏరు దాటిన ఓట్లు

గోదారి పాయల నడుమ దర్భలంక అని ఓ చిన్న లంక. పేరుకు దాని రాజు అవతలి గట్టు అడవిలో ఉండే సింహం. పాలన మాత్రం ఐదేళ్లకోసారి లంక జంతువులు ఎన్నుకునే సభది. మూడు విడతలుగా ఆ సభకు పెద్ద జిత్తయ్య అనే నక్క. ఎన్నికల ముందు అక్కా, అన్నా అంటూ మంద మందకూ తిరిగేవాడు. గెలిచాక మరి, ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

లంకలో వరదకు మునగని మెరక ఒక్కటే. దాని చుట్టూ ముళ్లకంచె వేయించి, నక్కలకు తప్ప ఎవరికీ దారి లేదన్నాడు. కిందటి వరదలో కాటుక అనే గేదె తన దూడను ఆ కంచె ముందే పోగొట్టుకుంది.

ఈసారి వీరన్న అనే పొట్టేలు పోటీకి దిగాడు. "గెలిస్తే కంచె పీకేస్తా" అన్నది ఒక్కటే అతని మాట. లంకంతా అటు మొగ్గేసరికి జిత్తయ్య గుండెల్లో రాయి పడింది. ఓట్ల చోటు నిర్ణయించేది సభపెద్దే. "ఈసారి ఓట్లు ఏటి అవతలి ఇసుకతిన్నె మీద!" అని చాటించాడు. ఎగువన వానలు పడి పాయ పొంగుతోంది. నక్కలన్నీ ముందురోజే దాటి కూర్చున్నాయి.

ఓట్లనాటి పొద్దున్న మేకలూ గొర్రెలూ కోళ్లూ గట్టు మీదే నిలబడిపోయాయి.

"మన పని అయిపోయింది కాటుక పిన్నీ," అంది సీతాలు అనే కోడి. "రెక్కలున్నాయన్న మాటే గానీ, అంతదూరం ఎగరగలనా?"

దూడ పోయినప్పటి నుంచి కాటుక ఎవరితోనూ మాట్లాడలేదు. ఇప్పుడు నెమరు ఆపింది.

"ఎక్కు."

"ఎక్కడికి?"

"నా వీపు మీదికే. నీళ్లు మీకు భయం గానీ, మాకు పుట్టిల్లు."

వెనక్కి తిరిగి గట్టిగా అరిచింది. మడుగులో పడుకున్న తొమ్మిది గేదెలూ లేచి వచ్చాయి. వెళ్లడం, దింపడం, మళ్లీ రావడం. మూడో విడతలో తల్లి వెంట వస్తున్న మేకపిల్ల ఒకటి జారి నీళ్లలో పడింది. కాటుక గిరుక్కున అటు తిరిగింది. మెడ చాచి, దాన్ని కొమ్ముల మధ్యకు ఎత్తుకుంది. ఒడ్డు తగిలాక గానీ ఊపిరి వదల్లేదు.

"చెల్లదు! ఎవరి కాళ్లతో వాళ్లే రావాలి!" అని జిత్తయ్య గంతులు వేశాడు.

ఓట్లు లెక్కపెట్టే తాబేలు తాత తల బయటపెట్టాడు. "ఏరు దాటి రమ్మన్నావు గానీ, ఎలా దాటాలో చెప్పలేదు కదా నాయనా. పక్కకు జరుగు, వరస ఆగిపోయింది."

పొద్దువాలే వేళకు ఓటుకొకటి చొప్పున నక్క బుట్టలో ఇరవై రెండు ఆకులు, పొట్టేలు బుట్టలో నూట పది.

"ఈ గేదెలు ఎన్నడూ ఓటుకే రాలేదే!" అని జిత్తయ్య నోరు వెళ్లబెట్టాడు.

"అందుకేగా వాటిని మర్చిపోయావు," అన్నాడు తాత.

మర్నాడే కంచె ఊడింది. నెల తిరక్కుండా వరద వచ్చింది. పిల్లాజెల్లా అంతా మెరక మీద వెచ్చగా ఒదిగి పడుకుంటే, కాటుక వాటిని చూసుకుంటూ ఏడాది తర్వాత తొలిసారి కంటినిండా నిద్రపోయింది. జిత్తయ్య మాత్రం తడిసి ముద్దయి వచ్చి, అందరి వెనక తోక ముడుచుకుని కూర్చున్నాడు.

నోరెత్తనివాళ్లను లేనట్టే లెక్కగట్టే ఏలిక పీట ఎప్పటికైనా ఏటిపాలే.