మటాడోరు ఇంజను ఉన్న అంబాసిడర్

మా పరాంకుశం మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా చెప్పరు. ముప్ఫై ఏళ్లు ఐటీఐలో మోటారు మెకానిక్ పని నేర్పి రిటైరయ్యారు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే పటమటలో తమ ఇంటి వరండాలో మా పదిమందికి ఉపనిషత్తులు చెబుతున్నారు. ఉపనిషత్తులో మొదలైన మాట ఆటోనగర్ మెకానిక్ షెడ్లలో తేలడం మాకు మామూలే. భాష్యం కోసం వచ్చినవాళ్లు గేరుబాక్సు గురించి విని వెళ్లిన రోజులున్నాయి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ వరండా లేకపోతే నాకు ఆదివారం గడవదు.

ఆ రోజు అడిగింది వైదేహి. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి. ఏడాది కిందట ఆవిడకి కిడ్నీ మార్చారు. రోడ్డు ప్రమాదంలో పోయిన ఎవరిదో, వాళ్ల ఇంటివాళ్లు దానం చేస్తే వచ్చింది. ఎవరో చెప్పకూడదని నియమమట. ఉద్యోగంలో చేరవచ్చని డాక్టర్లు చెప్పి ఆరునెలలైనా, సెలవు పొడిగించుకుంటూ మా వరండాకి తప్ప ఆవిడ ఇల్లు కదలడం లేదు.

"మాస్టారూ, చూసినవాళ్లంతా బాగున్నావు, బాగున్నావు అంటున్నారు. నాకేమో సిగ్గుగా ఉంటోంది. ఈ ఆరోగ్యం నాది కాదు కదండీ. ఎవరింట్లోనో ఇంకా ఏడుస్తూనే ఉంటారు. దణ్ణం పెడదామన్నా ఎవరికి పెట్టాలో తెలియదు. వాళ్లకి నేనేం చెయ్యగలను?" అంది.

మాస్టారు కళ్లజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. ఆటోనగర్ వచ్చేస్తోందని మేం సర్దుకుని కూర్చున్నాం.

ఆయన దగ్గర చదువుకున్న గౌస్, ప్రవల్లిక కలిసి ఆటోనగర్‌లో ఒక షెడ్డు తీసుకున్నారట. కోళ్లు కాపురం పెట్టిన పాత అంబాసిడర్ ఒకటి కొని ఎనిమిది నెలలు దాని మీద పడ్డారు. రేకు పని చేశారు, సీట్లు కుట్టించారు, లోపలి గడియారం కూడా తిరిగేలా చేశారు. ఇంజను మాత్రం దక్కలేదు. నీళ్లు దిగి ఎప్పుడో బిగుసుకుపోయింది. ఆ బండి అమ్ముడైతేనే షెడ్డు నిలుస్తుంది, లేకపోతే ఇద్దరూ చెరో షోరూములో జీతానికి కుదురుకోవాలి.

అప్పుడు ఆ సంగతి విని కంకిపాడు నుంచి మాణిక్యమ్మ అనే ఆవిడ కబురు చేసింది. ఆవిడ భర్త గంగరాజు మటాడోరు డీజిలు వ్యానులో పాలక్యాన్లు తోలేవాడు. ఆయన పోయాక వ్యాను దొడ్లో తుప్పు పట్టింది గానీ ఇంజను చెక్కుచెదరలేదు. "పాత ఇనప సామాన్లవాడికి ఇయ్యబుద్ధి కాలేదు బాబూ. మీరు తిప్పుతానంటే పట్టుకుపోండి" అంది. డబ్బు మాట ఎత్తితే కోప్పడింది. పిల్లలు దాన్ని తెచ్చి అంబాసిడర్‌లో కూర్చోబెట్టారు. మొదటిసారి స్టార్టయిన రోజు ఫోన్‌లో ఆ చప్పుడు విని మాణిక్యమ్మ ఇంకోసారి తిప్పమని అడిగిందట.

ఇక్కడిదాకా బాగానే ఉంది. బేరం వచ్చేసరికి పిల్లల బుద్ధి గడ్డి తింది. గుంటూరు నుంచి ఒక ప్లీడరుగారు చూడడానికి వస్తానన్నారు. పాత కార్లంటే ప్రాణం పెట్టే మనిషి. బండితో పుట్టిన ఇంజను కాదంటే కొనరేమోనని వీళ్లకి గుండెల్లో రాయి పడింది. మటాడోరు ఇంజనుకి అంబాసిడర్ ఇంజను రంగు కొట్టారు. దాని మూత మీద గంగరాజు ఉలితో చెక్కుకున్న తన పేరుని లప్పం పెట్టి మూసేశారు. మాణిక్యమ్మకి బేరం సంగతే చెప్పలేదు.

"నేను చూశాను" అన్నారు మాస్టారు. "చూసీ ఊరుకున్నాను. నా శిష్యుల బండి అమ్ముడుపోవాలని నాకూ ఉందిగా."

రంగు కొట్టినవాళ్లు చప్పుడు సంగతి మరిచిపోయారు. పెట్రోలు బండిలో డీజిలు ఇంజను నోరు తెరిస్తే వీధి వీధంతా తిరిగి చూస్తుంది. రోజూ విని విని వీళ్ల చెవులకి అలవాటైపోయింది, అంతే. తాళం తిప్పగానే ప్లీడరుగారు బానెట్‌నీ గౌస్‌నీ మార్చి మార్చి చూశారు.

"పాత బండి కదా సార్, కొంచెం సౌండు ఉంటది" అన్నాడు గౌస్, నేలచూపులు చూస్తూ.

అంతలో గేటు దగ్గర మాణిక్యమ్మ కనిపించింది. పక్క షెడ్డువాళ్ల వల్ల సంగతి తెలిసి, బండి వెళ్లేటప్పుడు చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలూ కుంకుమా పట్టుకుని బస్సెక్కి వచ్చింది. చప్పుడు వినగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "మా ఆయన ఇంజనే! ఎంత చక్కగా ఆడతందో వినండయ్యా" అని ముక్కూమొహం తెలియని ప్లీడరుగారికి సంబరంగా చెప్పింది.

ప్రవల్లిక ఇక ఆగలేకపోయింది. ఇంజను ఎక్కడిదో, రంగు ఎందుకు వేశారో, పేరు ఎక్కడ మూశారో అన్నీ ఏడుస్తూ చెప్పేసింది. బేరం పోయిందనే అనుకున్నారు అందరూ. ప్లీడరుగారు ఆ మూత మీద వేలితో తడిమి చూశారు. "ఇంజను మార్చుకుంటే తప్పు లేదమ్మా. ఇచ్చినావిడని దాచారు చూడు, అదే బాగాలేదు. ఆ రంగు గీకెయ్యండి. ఆర్సీ పుస్తకంలో మార్పు రాయించండి. అప్పుడు వచ్చి తీసుకెళ్తాను" అని వెళ్లిపోయారు.

పిల్లలు మూడు రోజులు తీగ బ్రష్షులతో గీకారు. మాస్టారూ ఒక బ్రష్షు పట్టుకున్నారట. ఆర్సీ పుస్తకం చేతికొచ్చాక కబురు చేస్తే ప్లీడరుగారు అన్నమాట ప్రకారం వచ్చారు. ఈసారి పిల్లలే పిలిచిన మాణిక్యమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చారు. షెడ్డు నిలిచింది.

వైదేహి కొంగుతో కళ్లొత్తుకుంది. "బండి వెళ్లిపోతుంటే ఆవిడకి ఎంత కష్టమనిపించిందో మాస్టారూ" అంది.

"నేనూ అదే అనుకున్నాను. గౌస్ అయితే ఆవిడ కాళ్ల మీద పడబోయాడు. మీకు మేమేం చెయ్యగలం పెద్దమ్మా అని, ఇందాక నువ్వడిగినట్టే అడిగాడు. ఆవిడ వాణ్ణి లేవదీసింది. ప్లీడరుగారి వైపు తిరిగి, 'ఎక్కడికైనా తోలుకోండి బాబూ. గుడ్డ కప్పి మాత్రం ఉంచబాకండి' అంది."

మాస్టారు పుస్తకం తెరవబోయి, ఆగి, వైదేహి వైపు చూశారు.

"సెలవు ఇంకా ఎన్నాళ్లకి రాశావమ్మా?"