లియాంగ్ తీసేసిన మబ్బులు

లియాంగ్‌కి ఆ రోజు ఒళ్లు మండిపోయింది. పెకింగ్ నగరంలో రాగి మీద రంగు గాజు పొదిగే మీనా పనికి పేరుపడ్డ షెన్ గురువు దగ్గర చేరి మూడేళ్లయింది. మూడేళ్లూ ఒకటే పని. సన్నటి రాగి తీగను తుంచి, వంచి, గోరంత మబ్బులు చేయడం. కొంగలు, తామరలు, డ్రాగన్లు మాత్రం గురువే చేసేవాడు.

'కొంగ చేయనిస్తే ఉంటాను, లేకపోతే మా ఊరు పోతాను. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి' అనుకుంటూ విసవిసా లోపలికి వెళ్లాడు.

గురువు ముందు పెద్ద రాగి కూజా ఉంది. అటొక కొంగ, ఇటొక కొంగ, చుట్టూ సందు లేకుండా మబ్బులు. తీగలన్నీ ఇంకా జిగురు మీదే నిలబడి ఉన్నాయి.

"గురువుగారూ, ఈ మబ్బులు దేనికండీ? కొంగకు రెక్క చాపుకునే చోటే లేదు. ఇవి లేకపోతే మనం నింపే నీలం ఎంత బాగుంటుందో!"

"అంతేనంటావా?"

"అంతేనండీ. చూసినవాళ్లు కళ్లు తిప్పుకోలేరు."

షెన్ చిన్న పటకారు అతని చేతికిచ్చాడు. "ఇటువైపువి తీసెయ్. అటువైపు ఉండనీ."

మూడు నెలల పని అది. దాన్ని తన చేతికి వదిలేశాడు! లియాంగ్ ఆత్రంగా పని మొదలుపెట్టాడు. తడి కుంచెతో జిగురు నానబెట్టి, ఒక్కో మబ్బూ ఊడదీశాడు. మిగిలిన తీగలకు గురువు టంకం వేశాడు. ఇద్దరూ కలిసి నీలం గాజుపొడి తడిపి నింపారు. కూజా కొలిమిలోకి వెళ్లింది.

ఎర్రగా కాలి బయటికొచ్చిన కూజా చల్లారేకొద్దీ నీలం తేలింది. ఆకాశం! అచ్చం ఆకాశం!

"చూశారా గురువుగారూ! చూశారా!" లియాంగ్ గంతులేశాడు.

టిక్ మని చిన్న చప్పుడైంది. ఇంకోసారి అయింది. నీలం మీద వెంట్రుకంత బీట పాకింది. చూస్తుండగానే లియాంగ్ ఖాళీ చేసిన వైపు నీలమంతా పెళ్లలు పెళ్లలుగా నేల రాలింది. కొంగ చుట్టూ బోసి రాగి మిగిలింది.

లియాంగ్ కూలబడి ఏడ్చాడు. "మీ పనంతా బుగ్గి చేశానండీ. నేను వెళ్లిపోతాను."

"వెళ్దువుగానిలే. ముందు ఇటు చూడు."

షెన్ కూజాను అటు తిప్పాడు. అక్కడ నీలం చెక్కుచెదరలేదు. ఒక్కో మబ్బూ తన పక్కనున్న కాస్త ఆకాశాన్నీ పట్టుకుని ఉంది.

"ఈ మబ్బులు ఎవరు వంచారు?"

లియాంగ్ కళ్లు తుడుచుకుని దగ్గరికి జరిగాడు. ఒక్కొక్క వంపూ తను వంచిందేనని గుర్తుపట్టాడు. "నేనేనండీ" అంటూ రాగి తీగ అందుకుని, ఖాళీ అయిన వైపుకు ఒక మబ్బు వంచడం మొదలుపెట్టాడు.