అడవిదున్న మోకాలు

ఇప్పచెట్ల కోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, ఎలుగుబంట్లు, అడవిదున్నలు ఉండేవి. అడవిదున్నల మందకు వీరప్ప పెద్ద. అతను కొమ్ము విసిరితే చెట్లు ఊగిపోయేవి.

ఒక వానాకాలంలో నాచుపట్టిన బండ మీద జారి వీరప్ప మోకాలు బెణికింది. ఆ రోజుల్లోనే గంగులు అనే ఎలుగుబంటి తేనె కోసం చెట్టెక్కి పడ్డాడు. అతనికీ మోకాలే దెబ్బతింది. ఇద్దరూ కుంటుకుంటూ సోమక్క దగ్గరికి వెళ్లారు. సోమక్క ముసలి కొండముచ్చు. ఎముకలు, కండరాల సంగతి ఆమెకు బాగా తెలుసు.

సోమక్క ఇద్దరి కాళ్లూ మెల్లగా తడిమి చూసింది.

"ఎముక విరగలేదు. వాపు తగ్గేదాకా కాలి మీద బరువు మోపకండి. తర్వాత రోజూ కాస్త చాపండి, కాస్త ముడవండి. మడుగులో నెమ్మదిగా నడవండి. నొప్పి పెరిగితే ఆపేయండి. అలాగని పడుకునే ఉండకండి, కాలు బిగుసుకుపోతుంది" అంది.

గంగులు ఆమె చెప్పినట్టే చేశాడు. మొదట్లో కళ్లలో నీళ్లు తిరిగేవి. తర్వాత విసుగు పుట్టేది. మడుగులో అతని నడక చూసి కోతులు పకపకా నవ్వేవి. అయినా మానలేదు.

వీరప్పకు మాత్రం నామోషీ అనిపించింది.

"మందకు పెద్దని. అందరి ముందూ కాళ్లు ఆడిస్తూ కూర్చోవాలా?" అన్నాడు.

నీడలో పడుకుని, మేత అక్కడికే తెప్పించుకున్నాడు. కొన్నాళ్లకు నొప్పి పోయింది.

"చూశావా అక్కా, దానంతటదే తగ్గింది!"

"నొప్పి తగ్గింది వీరప్పా, బలం ఇంకా రాలేదు. తొందరపడకు."

వీరప్ప వినలేదు. ఆ సాయంత్రమే ఓ కోడెదున్నతో కొమ్ములు కలిపాడు. మోకాలు మళ్లీ మెలిక పడింది. ఈసారి పైకి లేవలేకపోయాడు. మళ్లీ నీడలోనే పడుకున్నాడు, కాలు కదపలేదు.

ఎండాకాలానికి వాగు ఎండిపోయింది. కొండ దాటితే తప్ప నీళ్లు లేవు. జంతువులన్నీ బయలుదేరాయి. గంగులు మధ్యమధ్య ఆగుతూ, ఊపిరి తీసుకుంటూ కొండ ఎక్కేశాడు. వీరప్ప కాస్త దూరం నడిచి కూలబడ్డాడు. మంద ఆగి అతని వైపు చూసింది. చివరికి ఆ కోడెదున్న ముందు నడిచింది. దూడలు దాని వెంట వెళ్లిపోయాయి.

సోమక్క వెళ్లలేదు. ఓ ముసలి ఏనుగు కూడా ఆగి, వాగు ఇసుకలో చెలమ తవ్వింది. వీరప్ప నీళ్లు తాగాడు.

"అక్కా, నేనిక నడవలేనా?" అని అడిగాడు.

"నడుస్తావు. ఆలస్యమవుతుంది, అంతే. ఏదీ, కాలు చాపు."

వీరప్ప పళ్లు బిగబట్టి చాపాడు.

"ఇంకొంచెం చాపనా?"

"వద్దు నాయనా. ఇవాళ్టికి ఇది చాలు."

నీతి: దెబ్బతిన్న ఒంటి మీద పంతం చూపకూడదు, రోజూ ఓపిగ్గా కొంచెం కొంచెం కదిలిస్తేనే పోయిన బలం తిరిగి వస్తుంది.