రేగుకంప మీది ఆకులు

వాగు పక్క తుప్పల్లో ఉండే ముళ్లపంది కంటకయ్యకు సొంత బ్లాగు ఒకటుండేది. అడవిలో బ్లాగంటే మరేం లేదు. రాలిన తన ముల్లుతోనే మోదుగాకు మీద ఆ రోజు చూసిందీ తోచిందీ గీసి, రేగుకంపకు గుచ్చేవాడు. చదివినవాళ్లు కిందనే తమ మాటగా మరో ఆకు గుచ్చిపోవచ్చు. ఒళ్లంతా ముళ్లని ఎవరూ దగ్గరికి రాని బతుకు అతనిది. ఆ ఆకులే అతనికి చుట్టాలు.

అందరికంటే ముందు గుచ్చేది ముసలి కుందేలు శశమ్మ. "చదివాను తమ్ముడూ. వాన గురించి ఇంకాస్త రాయాల్సింది." అంతే, రెండు ముక్కలు. ఆ రెండు ముక్కల కోసమే కంటకయ్య మర్నాడు మళ్లీ రాసేవాడు.

ఇంతలో నక్క కన్ను ఆ కంప మీద పడింది. కంటకయ్య వాళ్లమ్మ పోయిందని రాస్తే, కింద నక్క ఆకు: "అద్భుతం. ఇలాంటివి మరిన్ని రావాలి. అన్నట్టు, మా బొరియ దగ్గర పుట్టతేనె చవగ్గా దొరుకుతుంది." ఒకటా రెండా, కంపంతా అవే. శశమ్మ ఆకు వాటి కింద ఎక్కడో నలిగిపోయేది.

విసిగిపోయిన కంటకయ్య, మంద వదిలి అడవిలో చేరిన కుక్క వీరన్నను కాపలా పెట్టుకున్నాడు.

"నాకు చదువు రాదు బావా. వాసనొక్కటే వచ్చు" అన్నాడు వీరన్న.

"అదే చాలు. నక్క వాసనొస్తే పీకి పారెయ్."

"పారెయ్యడమెందుకు, ఆ చెట్టు తొర్రలో వేస్తా. అప్పుడప్పుడూ ఓసారి చూసుకో. ముక్కు కూడా ఒక్కోసారి పొరబడుద్ది."

"చెత్తలో చూసేదేముందిరా" అన్నాడు కంటకయ్య.

కంప శుభ్రపడింది. కానీ గట్టి వానలు పడ్డాక శశమ్మ ఆకు కూడా రావడం మానేసింది. కంటకయ్య రోజూ పొద్దున్నే కంప కిందికి వెళ్లి చూసి, ఉసూరుమని తిరిగొచ్చేవాడు. వెళ్లి పలకరిద్దామంటే పౌరుషం అడ్డొచ్చింది. చివరికి ఆ ఉక్రోషమంతా ఆకు మీద పెట్టాడు: "పొడుగు చెవులున్నంత మాత్రాన మనసుండాలని లేదు. మొహం చాటేసేవాళ్లను చుట్టాలనుకోవడం నాదే తప్పు."

మర్నాడు దాని కింద మరువం వాసనతో ఓ ఆకు కనబడింది. "ఎంత బాగా చెప్పారు. కృతఘ్నుల లోకం. బాధ తగ్గాలంటే పుట్టతేనె మంచిది."

కంటకయ్యకు ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. కాపలా ఏం చేస్తున్నావని కుక్కను నిలదీశాడు. వీరన్న ఆ ఆకును మళ్లీ మళ్లీ వాసన చూసి, మరువం తప్ప ఇంకేం లేదని ఒట్టేశాడు. నక్క మరువపు మడిలో పొర్లి వచ్చిందన్నమాట. నక్క ఆకే లోపలికొచ్చిందంటే, మరి బయటికి పోయినవేమిటి? కంటకయ్య తొర్ర దగ్గరికి పరుగెత్తాడు.

అడుగున నక్క ఆకులు. పైపైన శశమ్మవి.

"వానకు నా బొరియ కూలింది తమ్ముడూ. వాగవతల నక్క వదిలేసిన పాత బొరియలో తలదాచుకున్నా."

"ఈ కంపు ఒంటికి పట్టేసింది. మీ తుప్పల్లో ఓ మూల చోటిస్తావా? ముళ్లకు నేను భయపడను."

అన్నిటికంటే కొత్తది ఇంకా పచ్చిగానే ఉంది. "నీ రాత చదివాను. ఆ పొడుగు చెవులు నావేగా. ఇంక నిన్ను ఇబ్బంది పెట్టను. వాన గురించి మాత్రం రాస్తూ ఉండు."

కంటకయ్య ఏడుస్తూనే వాగు దాటాడు. బొరియ ఖాళీగా ఉంది. ఎటు పోయిందో చెప్పేవాళ్లు లేరు. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే.

ఇప్పుడా కంపకు కాపలా లేదు. కంటకయ్య రోజూ వాన గురించే రాస్తాడు. కింద గుచ్చిన ప్రతి ఆకూ, నక్క పుట్టతేనెతో సహా, తనే తీసి చివరిదాకా చదువుతాడు. శశమ్మది మాత్రం రాలేదు.

కలుపు తీసేవాడు పీకినదాన్ని ఓసారి తిరగేసి చూసుకోవాలి. లేదంటే గట్టున ఎండేది పైరే.